మరుగుదొడ్డి తాళంచెవి

ఆడపిల్లల కోసం కట్టిన మరుగుదొడ్డికి, ఆడపిల్లలు బడిలో ఉన్నంతసేపూ తాళం ఎందుకు వేసి ఉంటుంది? నారాయణపేటలో చేనేత కాలనీని ఆనుకుని ఉన్న ప్రభుత్వ పాఠశాలలో, ఏడో తరగతి స్నిగ్ధ ఈ ప్రశ్నను జూన్‌లో అడిగింది. నవంబరు వచ్చినా జవాబు రాలేదు. ఆ అమ్మాయికి టీసీ ఇచ్చి పంపించాలన్న నిర్ణయం మాత్రం వచ్చింది.

స్నిగ్ధ నేరం రుజువైనదే. విరామ సమయంలో ఆడపిల్లలందరినీ ప్రహరీ గోడ సందులోంచి తన అవ్వ బక్కమ్మ ఇంటికి తీసుకువెళ్లేది. అక్కడి మరుగుదొడ్డికి తాళం లేదు. ప్రధానోపాధ్యాయులు రాంచందర్ దీనిని "కాలనీ అలవాట్లు" అనేవారు.

నవంబరులో ఒక ఉదయం మండల విద్యాధికారి గ్రేస్ తనిఖీకి రావలసి ఉంది. ఆమెకు మెరిసే మరుగుదొడ్డిని చూపించాలి, టీసీ మీద ఆమె సమ్మతి పొందాలి. అందుకని రాంచందర్ ముందురోజే గోడ సందును ముళ్లకంపతో మూయించారు. మరుగుదొడ్డి తాళంచెవిని బీరువాలో భద్రపరిచి, బీరువాకు తాళం వేశారు. బీరువా తాళంచెవిని ఎవరూ అడుగుపెట్టని చోటే క్షేమమని తలచి మరుగుదొడ్డిలో మేకుకు తగిలించారు. బయటికి వచ్చి తాళం నొక్కారు. అది నొక్కితే పడే తాళం. ఆయన నిశ్చింతగా నిద్రపోయారు.

గ్రేస్ రాగానే కొబ్బరినీళ్లు ఇచ్చారు, తరువాత మజ్జిగ, ఆ తరువాత చాయ్. మర్యాదకు లోటు చేయలేదు. అప్పుడామె హాజరు పట్టీ అడిగారు.

"బీరువల ఉంది మేడం."

"తీయుండ్రి."

"తాళంచెవి బాత్రూంల ఉంది."

"బాత్రూం తాళంచెవి?"

"బీరువల ఉంది మేడం."

గ్రేస్ కుర్చీలోంచి లేచారు. "హాజరు పట్టీ కోసం ఆగుత సార్. బాత్రూం కోసం ఆగలేను."

రాయి తెచ్చి తాళాన్ని కొట్టారు. రాయి పగిలింది. ఆ బడిలో నాణ్యత గల వస్తువు ఆ తాళమొక్కటే.

"మా అవ్వ ఇంటికి పోదాం మేడం," అంది స్నిగ్ధ. "సందులకెళ్లి అయితే రెండు నిమిషాలే. నిన్న సార్ కంప కొట్టించిండు. ఇప్పుడు రోడ్డు మీదికెళ్లి చుట్టు తిరగాలె."

ముందు గ్రేస్, పరుగుకు కాస్త తక్కువ నడకతో. వెనుక రాంచందర్. ఆ వెనుక, విరామపు గంట మోగినందున, ఆడపిల్లలందరూ. మగ్గాలు ఆగాయి. "ఏం ర్యాలీ సారూ?" అని ఎవరో కేకవేశారు. పరువు కోసం రాంచందర్ "స్వచ్ఛత ర్యాలీ!" అన్నారు. ర్యాలీలకు అలవాటు పడిన పిల్లలు వెంటనే నినాదాలు అందుకున్నారు. అలవాటు పడిన కాలనీ కూడా వెంట నడిచింది.

బక్కమ్మ వాకిట్లో నూలు చుడుతోంది. చేయి ఆపలేదు. "లైన్ల నిలవడుర్రి. ఎవ్వలకైనా గంతే."

"బక్కమ్మా, ఆమె ఆఫీసర్!" అన్నారు రాంచందర్.

"అయితే ఏంది సారూ? గీ పోరగాండ్లు రోజు గిట్లనే ఆగుతున్నరు. ఆగితే ఎట్లుంటదో ఆఫీసరమ్మకు గూడ జర తెల్వనీ."

దారి తెలిసిన పిల్లలు ముందే పరుగెత్తి నిలబడ్డారు; వరుసలో గ్రేస్ ఎనిమిదవవారు. ఆరు నిమిషాలు ఆమె ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. ఆమెకు సరిగ్గా ముందున్న స్నిగ్ధ తన వంతు వచ్చినప్పుడు పక్కకు జరిగింది.

"మీరు పోండ్రి మేడం. నాకు అలవాటే."

బయటికి వచ్చాక గ్రేస్ స్వరం చాలా ప్రశాంతంగా ఉంది. "ఈ పిల్ల టీసీ ఎక్కడుంది సార్?"

"బీరువల, మేడం."

"అండ్లనే ఉండనీయుండ్రి."

మధ్యాహ్నం వెల్డింగ్ షాపువాడు వచ్చి తాళం కోశాడు. లోపల మరుగుదొడ్డి నిజంగానే మెరుస్తోంది. కట్టి ఐదేళ్లయినా దానికి నీటి గొట్టం వేయనే లేదు. గ్రేస్ గోడ సందులోని కంప తీయించి, స్నిగ్ధ ప్రశ్నకు వారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని ఆదేశించారు.

వారంలోగా రాంచందర్ పై కార్యాలయానికి రెండు విన్నపాలు రాశారు: ఒకటి నీటి గొట్టం కోసం, ఒకటి కొత్త తాళం కోసం. తాళం మంజూరైంది.

మీ వీధి బడికి రేపే వెళ్లి, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. బయలుదేరే ముందు మూడు గ్లాసుల నీళ్లు తాగండి.