నెమ్మదైన మెట్టుకు నమస్కారం

ఆలస్యం అమృతం విషం అన్నవారెవరో కెమిస్ట్రీ చదవలేదు. చదివి ఉంటే ఆలస్యానికి పట్టాభిషేకం చేసేవారు!

నేను కాలేజీలో ఆ పాఠమే చెబుతాను. నాలుగు మెట్ల రసాయన చర్య ఉందనుకోండి. మూడు మెట్లు రెప్పపాటులో అయిపోతాయి, ఒకటి నత్తలా పాకుతుంది. మొత్తం చర్య వేగమెంత? ఆ నత్త వేగమెంతో అంత! దాని తర్వాత ఎన్ని మెట్లు పరుగులు తీసినా రేటు సమీకరణంలో వాటికి చోటే లేదు.

పోయిన నెల మా ల్యాబ్‌లో పొగను బయటికి లాగే ఫ్యాన్ చచ్చింది. యాసిడ్ ఘాటుకు పిల్లలు ఏడుస్తూ ప్రయోగాలు చేశారు. రోజంతా అక్కడే ఉండే అటెండరు అక్కయ్యకు దగ్గి దగ్గి గొంతు బొంగురుపోయింది. కొత్త ఫ్యాన్ అర్జీ నాలుగు బల్లలు దాటాలి. ఆమె రోజూ ఆఫీసుకు పరుగెత్తేది.

"ఇంకా ఏం తెలీదంట సార్."

"నువ్వెంత పరుగెత్తినా లాభం లేదక్కయ్యా. హెడ్ క్లర్కు గారే నెమ్మదైన మెట్టు" అంటూ బోర్డు మీద సమీకరణం రాసి చూపించాను. అందులో ఆయనొక్కరే మిగిలారు. పెన్ను మూత తీయడానికి ఆయనకు ఒక పూట, పెట్టడానికి మరో పూట! అలాంటి మహానుభావుడే లేకపోతే మాకు ఓర్పు ఎలా అబ్బేది? కన్నీళ్లు కార్చకుండా పిల్లలకు సైన్సు మీద భక్తి ఎలా కుదిరేది?

మొన్నామధ్య ఓ సోమవారం అక్కయ్య ఏకంగా ఆయన్నే ల్యాబ్‌కు లాక్కొచ్చింది. ఆయన రెండుసార్లు దగ్గి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఏం అర్జీ మాస్టారూ? నా దగ్గరికి రానే లేదే!" అన్నారు.

అక్కయ్య నా బల్ల వైపు చూసింది. ఆలస్యాన్ని పొగుడుతూ నేను రాస్తున్న ఈ వ్యాసం కాగితాలు పక్కకు జరిపింది. వాటి కింద అర్జీ! తేదీ పోయిన నెలది. నా సంతకం చోటు ఖాళీ.

"సమీకరణంలో చిన్న సవరణ ఉంది..." అని నసిగాను.

"సవరణ తర్వాత చేద్దురుగానీ, ముందు సంతకం పెట్టండి సార్!"

పెట్టాను. మిగతా మూడు బల్లలూ దాటడానికి నలభై నిమిషాలు పట్టింది. హెడ్ క్లర్కు గారు తీసుకున్నది నాలుగు నిమిషాలు. మర్నాటికి ఫ్యాన్ గిర్రున తిరిగింది.

వారంలో అక్కయ్య గొంతు తేరుకుంది. తేరుకున్న గొంతుతో ఆమె మొదట అన్న నాలుగు మాటలూ నన్ను గురించే. అవి మాత్రం అచ్చుకు పనికిరావు.