మెట్ల కింద ప్రజాతి

ఒక వస్తువు ఎవరి శాఖ కిందికీ రాదని తేల్చి చెప్పగలిగిన నాడే మనిషి పూర్తిగా నాగరికుడవుతాడు. మా భవనాల నిర్వహణ కార్యాలయం ఆ శిఖరాన్ని ఎప్పుడో ఎక్కి, అక్కడే కునుకు తీస్తోంది.

మా పై అంతస్తులో దర్జీ, వాళ్ళమ్మ ఉంటారు. పైకి దారి చెక్క మెట్లొక్కటే. ఆ మెట్ల దూలానికి ఓ పుట్టగొడుగు పుట్టింది. గొడుగూ లేదు, కాడా లేదు. గోడకు కొట్టిన అలమార పలకలా అడ్డంగా, గట్టిగా ఉంది. (గోరుతో గుచ్చితే దానికేమీ కాలేదు. పక్కనున్న దూలంలోకి మాత్రం వేలు దిగింది.)

"అమ్మకి అసలే మోకాళ్ళు బాగోవు సార్. మెట్టు విరిగిందంటే మనిషి దక్కదు. దూలం మార్పించండి," అని దర్జీ కార్యాలయంలో మొరపెట్టుకున్నాడు.

ప్రాణమున్నదేదో పెరుగుతోంది కనుక తోటల శాఖకు వెళ్ళమన్నాడు మరమ్మతుల అధికారి. అది మొక్క కాదంది తోటల శాఖ. కరవనిది తమది కాదంది జంతువుల శాఖ. చివరికి కుళ్ళినవాటి విభాగం నుంచి వర్గీకరణాధికారి భూతద్దంతో వచ్చి, దాని అడుగున ఉన్న చిల్లులు చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"గుండ్రటి చిల్లులైతే ఒక ప్రజాతి, వంకరటింకరవైతే ఇంకోటి. ఇది రెండూ కాని రకం. సంఘం కూర్చుని తేల్చాలి. అందాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"మరి మెట్లెక్కచ్చాండీ?" అన్నాడు దర్జీ.

"ఎక్కండి. అది అదరకుండా ఎక్కండి."

సంఘం కూర్చుంది. గుండ్రటివారూ వంకరవారూ రెండు ముఠాలై, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. పుట్టగొడుగు మాత్రం తిండి మానలేదు. ఓ పొద్దున దర్జీ పాలకని కిందికి దిగి వీధిలోకి వెళ్ళగానే మెట్లు కుప్పకూలాయి. అమ్మ పైనే ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండి, కార్యాలయానికి వెళ్ళి నానా కేకలూ వేశాను.

వర్గీకరణాధికారి పరుగున వచ్చి, చెక్కముక్కల్లోంచి పుట్టగొడుగును పసిబిడ్డలా ఎత్తుకున్నాడు.

"తేలిపోయిందండీ! ఇది చచ్చిన కర్ర మీదే బతికే ప్రజాతి. అంటే మీ మెట్లు ముందే చచ్చాయి. పాపం, దీని తప్పేం లేదు."

"ఒరేయ్, నన్నెవరైనా దింపుతారా లేదా?" పైనుంచి అమ్మ అరిచింది.

"మీ ఆఫీసు నిచ్చెన ఇప్పించండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు దర్జీ.

అధికారి తలెత్తి ఆవిడను శ్రద్ధగా చూశాడు.

"ఆవిడ బతికే ఉన్నారు కదండీ," అన్నాడు నొచ్చుకుంటూ. "మాది కుళ్ళినవాటి విభాగం. కాస్త ఓపిక పట్టమనండి, మా పరిధిలోకే వస్తారు."