సున్నా శాతం దగ్గర ఆగిన లాప్‌టాప్‌కు జేజేలు

అప్‌డేట్ చేశాక పైకి లేవని లాప్‌టాప్ అంత మేలు చేసే వస్తువు ఈ భూమ్మీద ఇంకోటి లేదు! కాదనేవాళ్లు ఒక్కసారి మా మండలాఫీసుకు వచ్చి ఆ మాట అనండి. కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, మీరు తప్పని నిరూపించి పంపుతాం.

ఇంతకీ నేనెవరిని? బసవపున్నయ్యను. అడవి మొదలయ్యేచోట, బస్సు వెనక్కి తిరిగేచోట ఉన్న ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. కంప్యూటర్ విద్యలో మూడు రోజుల శిక్షణ పొందినవాణ్ణి. మొదటి రోజు ఆన్ చెయ్యడం నేర్పారు. రెండో రోజు మా తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశం ఉంటే వెళ్లాను. మూడో రోజు సర్టిఫికెట్ ఇచ్చారు. ఆఫ్ చెయ్యడం రెండో రోజు చెప్పారట.

అందుకని జిల్లా నుంచి లాప్‌టాప్ వచ్చినప్పుడు దాన్ని నా టేబుల్ మీదే పెట్టారు. కొబ్బరికాయ కొట్టాం. పసుపు రాశాం. కుంకుమ బొట్టు సరిగ్గా కెమెరా కన్ను మీద పడింది. ఆనాటి నుంచీ అది మమ్మల్ని చూడటం మానేసింది, మేం దాన్ని చూస్తూ కూచుంటున్నాం.

ఆ లాప్‌టాప్‌లో ఒక జాబితా ఉంది. కొత్తగా వచ్చిన అడవి హక్కుల చట్టం కింద పోడు చేసుకునేవాళ్లకు కాగితాలివ్వాలి కదా? దానికోసం తండాల్లో, గూడేల్లో సభలు పెట్టి, ఎవరు ఎక్కడ ఎంత సాగు చేస్తున్నారో రాశాం. రెండువందల పన్నెండు పేర్లు. మే ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదు లోపల ఆ జాబితా భద్రాచలం చేరాలి. చేరకపోతే ఆ పొలాలన్నీ అడవి కిందికే లెక్క.

మరి కాగితాలు లేవా అంటారు. ఎందుకు లేవు? ఉండేవి! కంప్యూటర్ వచ్చాక ఇంకా కాగితాలెందుకని, చెదలు పట్టకుండా కట్టగట్టి జిల్లాకు పంపేశాం. అవి చేరాయో లేదో కంప్యూటర్లో చూసి చెబుతామని జిల్లా వారు అన్నారు. వాళ్ల కంప్యూటర్ కూడా అప్‌డేట్‌లో ఉందట.

మే ఇరవై పొద్దున తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, చెయ్యమంటారా అని అడిగింది. నా సర్వీసు మొత్తంలో నన్నింత మర్యాదగా అడిగినవాళ్లు లేరు. చెయ్యమన్నాను. అది ఆగింది, లేవబోయింది, నల్లటి తెర మీద మూడు ముక్కలు రాసుకుని కూలబడింది. మూడు దశల్లో మూడవది. సున్నా శాతం పూర్తయినది. కంప్యూటరును ఆపవద్దు.

మధ్యాహ్నానికీ సున్నాయే. సాయంత్రానికీ సున్నాయే. మర్నాడు పొద్దున పూజ చేసుకుని, బొట్టు పెట్టుకుని వచ్చి చూశాను. సున్నా చెక్కుచెదరలేదు.

మిగతా వాళ్లయితే కంగారుపడి ఏదో ఒకటి నొక్కేసేవాళ్లు. మేం ప్రభుత్వోద్యోగులం! 'ఆపవద్దు' అని రాతపూర్వకంగా వచ్చిన ఆదేశం అది. కింద సంతకం లేదు, నిజమే. మాకొచ్చే ఉత్తర్వుల్లో సగానికి సంతకం ఉన్నా పేరు తెలియదు. అయినా అమలు చేస్తున్నాం కదా?

ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే శ్రీనివాస్‌కు ఫోన్ చేశాం. "గా మీట అయిదు సెకన్లు ఒత్తిపట్టి బంద్ చెయ్యిండ్రి సార్. మళ్ల చాలూ చెయ్యిండ్రి. గంతే" అన్నాడు. మా ఆఫీసరు ఉదయ్ భాస్కర్ గారు ఫోన్ అందుకుని, "ఆ మాట రాసి, స్టాంపు వేసి, సంతకం చేసి పంపగలవా?" అని అడిగారు. అతను ఫోన్ పెట్టేశాడు. చూశారా? సలహా ఇచ్చేవాళ్లు వందమంది, సంతకం పెట్టేవాడు ఒక్కడూ ఉండడు.

అంచేత పద్ధతి ప్రకారం ఫైలు పెట్టాను. విషయం: ప్రభుత్వ లాప్‌టాప్ యొక్క మీట నొక్కుటకు అనుమతి కోరుట. ఆఫీసరు గారు దాని మీద 'చర్చించండి' అని రాశారు. చర్చించాం. 'గతంలో ఇట్లా నొక్కిన దాఖలా ఉన్నదా?' అని రాశారు. పాత బీరువా వెతికితే సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పడానికి ఒక అనుమతి దొరికింది. అది ఎడమ నుంచి కుడికి తిప్పడం, ఇది కిందికి నొక్కడం. రెండూ ఒకటి కావని ఫైలు జిల్లాకు పంపాం.

జిల్లా నుంచి ఫ్యాక్స్ వచ్చింది. ఏ మీట? ఎక్కడ? నక్షా జతచేసి, నాలుగు హద్దులు చూపించవలెను.

సర్వేయరును పిలిపించాం. పాపం ఎండలో వచ్చాడు. తూర్పున ఛార్జర్ బొక్క, పడమర సీడీ తలుపు, ఉత్తరాన తెర, దక్షిణాన పొడుగు మీట. ఇంత శ్రద్ధగా ఆయన పోడు భూముల్ని కూడా కొలవలేదు. ఒక చిన్న లాప్‌టాప్ లేవకపోవడం వల్ల ఆరు సంతకాలు, నాలుగు స్టాంపులు, ఒక సర్వే! పనిలేని ఆఫీసు అని మమ్మల్ని ఆడిపోసుకున్నవాళ్లు ఇప్పుడేమంటారు?

ఇక్కడ ఒక చిక్కుంది. ఆపవద్దన్నది ఆజ్ఞ. కరెంటు ఆపడం వేసవిలో రివాజు. మాకు పొద్దున నాలుగు గంటలు కోత, సాయంత్రం నాలుగు గంటలు కోత. లాప్‌టాప్ బ్యాటరీకి ఆయుష్షు రెండు గంటలు. మధ్యలో అది ఆగిపోతే ఎవరి ఉద్యోగానికి ఎసరు? నాదే!

అందుకని మా ఊళ్లో కరెంటు పోగానే లాప్‌టాప్‌ను కరెంటున్న ఊరికి మోసుకుపోవడం మొదలుపెట్టాం. రామ్‌చందర్ ఆటో మాట్లాడాం. ముందు సీట్లో నేను. వెనక సీట్లో లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని సక్రి.

సక్రి ఎవరో చెప్పలేదు కదూ? జాబితాలో నూట నలభయ్యో పేరు. వాగవతల తండా మనిషి. మామ కాలం నుంచీ సాగుచేస్తున్న మూడెకరాలున్నాయి. ఆ మూడెకరాల మధ్యనుంచి అడవి సిబ్బంది సున్నంతో గీత గీసి పోయారు. జాబితాలో పేరు భద్రాచలం చేరకపోతే ఆ గీత వెంట కందకం తవ్వుతారు. భర్త దస్రు మోకాళ్లు పట్టేసి కదల్లేడు. ఆ గీత దగ్గర మంచం వేసుకుని కాపలా కూచున్నాడు. సక్రి లాప్‌టాప్‌కు కాపలా కూచుంది.

మొదటిరోజు నన్ను అడిగింది. "సారూ, నా పేరు దీంట్లనే ఉందా?"

"ఉందమ్మా. నేనే కొట్టాను."

"మరి తియ్యి."

"ఆపవద్దని రాసుంది కదమ్మా. సున్నా శాతంలో ఉంది."

"నూరయ్యేదాక ఎన్ని దినాలు పడ్తది?"

ఆ లెక్క ఎవరికీ రాదు. ఇన్ని రోజులకు సున్నా అయితే వందకు ఎన్ని రోజులో మా సర్వేయరు కూడా చెప్పలేకపోయాడు.

ఆటో కుదుపులకు పడేస్తానని ఆమె నా దగ్గర్నుంచి లాప్‌టాప్ లాక్కుంది. ఇక దింపలేదు. ఎండ తగలకుండా కొంగు కప్పేది. గతుకు వస్తే ముందే చెప్పమని రామ్‌చందర్‌ను తిట్టేది. "అక్కా, నా సొంత పిల్లల్ని గూడ గింత పైలంగ తీస్కపోలే" అని వాడు నెత్తి కొట్టుకునేవాడు.

ఆ పది రోజులూ ఎంత హాయి అనుకున్నారు! కల్లూరులో మా బావమరిది రైస్ మిల్లుకు వెళ్లాం. జనరేటర్‌కు లాప్‌టాప్ తగిలిస్తే హమాలీలందరూ చుట్టూ చేరారు. సున్నా ఎప్పుడు ఒకటవుతుందా అని చూశారు. బియ్యం చెరిగే భారతమ్మ ఎండుమిరపకాయలతో దానికి దిష్టి తీసింది. "ఎవరి కన్ను పడిందో బాబూ, మొహం నల్లగా అయిపోయింది" అంది. నిప్పుల్లో వేసిన మిరపకాయలకు ఘాటు రాకపోయేసరికి నిజంగానే దిష్టి ఉందని తేలిపోయింది. ఇరవైయేళ్లలో మా బావమరిది నాకు కాఫీ ఇవ్వడం అదే మొదటిసారి. ఇది మేలు కాదా?

ఆఫీసులోనైతే మరీ హాయి. రేషన్ కార్డంటే సిస్టం డౌన్. కులం సర్టిఫికెట్ అంటే సిస్టం డౌన్. కుళాయిలో నీళ్లు రావడం లేదని ఒకాయన వస్తే ఆయనకూ అదే చెప్పాం, తల ఊపి వెళ్లిపోయాడు. తిట్టేవాడు లేడు, అరిచేవాడు లేడు. ఉదయ్ భాస్కర్ గారి బీపీ నార్మల్‌కు వచ్చింది. నాకు మధ్యాహ్నం నిద్ర పట్టింది. ఇంతమందికి ఇంత శాంతినిచ్చిన మనిషి ఎవరైనా ఉంటే మనం ఫోటో కట్టించి దండ వేసేవాళ్లం.

ఇంక ముప్పయ్యో తేదీ వచ్చింది. ఆవేళ పొద్దున మా ఊళ్లో కోత, చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ కోత. రామ్‌చందర్ ఒక మార్గం చెప్పాడు. జూలూరుపాడులో వాళ్ల మేనకోడలి పెళ్లి ఉంది, జనరేటర్ పెట్టారు. ఆటో పెళ్లి పందిట్లోకి తీసుకుపోయాడు. ఎవరో బంధువులు కాబోలని మాకు పన్నీరు చల్లారు. లాప్‌టాప్ మీద కూడా కొంచెం పడింది. మంటపం పక్కనే సీరియల్ సెట్టు వైరుకు ఛార్జర్ తగిలించి, దాన్ని ఒక కుర్చీలో కూచోబెట్టాం. పిల్లలు సినిమా వేస్తారని ముందు వరసలో కూచున్నారు.

టైము పదకొండు. భద్రాచలం చేరడానికి ఎంత లేదన్నా రెండున్నర గంటలు. నా సెల్ మోగింది. ఆఫీసరు గారు.

"బసవపున్నయ్యగారూ, జిల్లా నుంచి జవాబొచ్చింది. నక్షా స్పష్టంగా లేదట. మళ్లీ గీయించి పంపమన్నారు."

"చిత్తం సార్."

"అప్పటిదాకా మీట ముట్టుకోవద్దు."

ఫోన్ పెట్టి ఆ మాట సక్రికి చెప్పాను. ఆమె నా వైపు కాసేపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"సారూ, బోరు మోటరు స్టార్టర్ పట్టేస్తే ఏం జేస్తరు?"

"ఆపి మళ్లీ వేస్తారు."

"గా ఖమ్మం పిలగాడు గూడ గదే చెప్పిండంట గదా?"

"చెప్పాడు. రాసివ్వలేదు."

ఆమె వెళ్లి లాప్‌టాప్ ముందు కూచుంది. సర్వేయరు నాలుగు హద్దులు గుర్తుపెట్టిన మీట మీద వేలు పెట్టి నొక్కింది. నొక్కి పట్టింది. "సక్రమ్మా, అది ప్రభుత్వ..." అంటూ నేను లేచాను. ఒకటి, రెండు, మూడు అని ఆమె పైకే లెక్కపెడుతోంది. అయిదు అనగానే తెర ఆరిపోయింది. నా పెన్షన్ కళ్లముందు ఆరిపోయింది.

ఆమె మళ్లీ నొక్కింది. ఆ సమయానికే పురోహితుడు చెయ్యి ఊపాడు. బాజాలు ఒక్కసారి ఎత్తుకున్నాయి. జనం లేచి అక్షింతలు విసిరారు. వధూవరులను దాటి వచ్చినవి లాప్‌టాప్ మీద పడ్డాయి. తెర మీద రంగులు వచ్చాయి. పచ్చటి కొండ, నీలాకాశం, దాని మధ్యలో నేను పేరు పెట్టిన ఫోల్డరు! ముందు వరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సక్రి మటుకు కొట్టలేదు. నూట నలభయ్యో వరస దగ్గరకు తీసుకుపొమ్మంది, తన పేరు చూపించమంది, తెర మీద దాన్ని వేలితో ముట్టుకుని కళ్లు తుడుచుకుంది.

పక్కనే ఉన్న జిరాక్స్ షాపుకు పెళ్లివారి జనరేటర్ నుంచి వైరు లాగి ప్రింట్లు తీశాం. బస్సెక్కాం. నాలుగుంపావుకు జాబితా అందింది, ముద్ర పడింది.

పది రోజుల శాంతి అయిదు సెకన్లలో నాశనం! మర్నాటి నుంచీ ఆఫీసుకు జనం వచ్చిపడ్డారు. ఆఫీసరు గారి బీపీ పెరిగింది. అనుమతి లేకుండా మీట ఎవరు నొక్కారో తెలపమని నాకు మెమో వచ్చింది. సిస్టం స్వయంగా స్పృహలోకి వచ్చిందని జవాబు రాశాను.

పాఠకులారా, కథ ఇక్కడితో అయిపోతే నేనింత కష్టపడి రాసేవాణ్ణి కాను. జాబితా భద్రాచలం నుంచి నెలకు తిరిగొచ్చింది. పొలాలు మరోసారి చూసి నివేదిక పంపమని. వచ్చి మా ఆఫీసులోనే, నా టేబుల్ మీదే ఉంది. పరిశీలనలో ఉంది. వానలు మొదలయ్యాయి. పక్క పొలం దాకా కందకం తవ్వే మిషను వచ్చిందట. విత్తనాలు వెయ్యాలా వద్దా అని సక్రి రోజూ వచ్చి అడుగుతోంది. నేను రోజూ ఓపిగ్గా చెబుతున్నాను. వేచి ఉండాలమ్మా. ప్రాసెస్ నడుస్తోంది. మధ్యలో కదిలించకూడదు.

నిన్న కూడా వచ్చింది.

"ఎంతైంది సారూ?"

"మొదలు కావాలమ్మా."

"అంటే సున్నానేనా?"

నేను ఫైలు మీద దుమ్ము దులిపాను. ఆమె టేబుల్ చుట్టూ తిరిగింది. వంగి అడుగున చూసింది. బీరువా వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఏం వెతుకుతున్నావని అడిగాను.

"మీట సారూ. ఈ ఆఫీసుకు యాడుంది?"

అట్లాంటిదేమీ ఉండదని చెప్పాను. ఆమె నమ్మలేదు. నిలబడి నన్ను పైనుంచి కిందికి తేరిపార చూసింది. ఎందుకైనా మంచిదని కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకున్నాను.