వంతెన ముందు సెనేటర్ గారు

మా పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడదలిచిన ఆరుగురిలో సెనేటర్ గ్రాంట్ విట్లో గారే అందరికంటే ముందున్నారని డిసెంబరు మొదటి సోమవారం దేశానికి తెలిసిపోయింది. ఆ సంగతి దేశానికి చెప్పింది నేనే. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగు దేశంలో అందరికంటే ముందు జరిగే అయోవా రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఊళ్లో నాకో కాఫీ హోటలుంది. శుక్రవారం ఒక విలేకరి వచ్చి ఎవరు ముందున్నారని అడిగాడు. గురువారం పేపర్లో చదివింది చెప్పాను. శనివారం అది 'సామాన్యుడి నాడి' అని నా ఫొటోతో అచ్చయింది. అది చదివి ఇంకో విలేకరి వచ్చాడు. సోమవారానికల్లా గాలి మారిందని టీవీవాళ్లు తేల్చేశారు.

అలాగని మావాళ్లు ఎవరికీ తేలిగ్గా మాటివ్వరు. అభ్యర్థి మూడుసార్లు ఇంటికొచ్చి చేయి కలిపి వెళ్లినా, ఇంకా సరిగా పరిచయం కాలేదంటారు. వాళ్లలో డెల్బర్ట్ మరీ మొండిఘటం. మేమిద్దరం ఒకే బళ్లో చదువుకున్నాం. అతని పొలం, ఇల్లు బీవర్ వాగుకి అవతల ఉన్నాయి. భార్య వెర్నాకి కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు మా ఊరి ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించాలి. వాగు మీద వంతెన ఉన్నప్పుడు అది పది నిమిషాల దారి. స్తంభం కుంగిందని రెండేళ్ల కిందట దాన్ని మూసేశారు. అప్పట్నించీ చుట్టూ తిరిగి ఇరవై రెండు మైళ్లు రావాలి, మళ్లీ అంతా పోవాలి.

అందుకని ఏ అభ్యర్థి వచ్చినా డెల్బర్ట్ అడిగేది ఒక్కటే, వంతెనెప్పుడని. అయిదుగురు చైనా గురించి జవాబు చెప్పారు. విట్లో గారు మాత్రం సరాసరి వంతెన దగ్గరికే వెళ్లారు. ఎముకలు కొరికే చలిలో టోపీ కూడా లేకుండా నిలబడి, వెర్నా చేయి పట్టుకుని, కెమెరా సిద్ధమయ్యాక ఆమె కళ్లలోకి చూస్తూ, "ఈ వంతెన నేను కట్టిస్తానమ్మా" అన్నారు. రెండోసారి ఇంకా బాగా అన్నారు. ఆ ప్రకటన దేశమంతా టీవీలో చూసింది. డెల్బర్ట్ జన్మలో మొదటిసారి ఒకరికి మాటిచ్చాడు. వాగుకి అవతలున్న ముప్పై మందినీ ఓటింగుకి తెచ్చే పూచీ తనదన్నాడు.

ఇక్కడే ఒక ఉపద్రవం వచ్చిపడింది. ప్రకటన చూసి మా జిల్లా బోర్డుకి సిగ్గేసింది. పదిహేను రోజుల్లో బిగించగలిగే ఇనుప వంతెన ఒకటి తెప్పించింది. క్రిస్మస్ లోపల పూర్తి చేస్తామంది. బోర్డులో నాతో కలిపి ముగ్గురం సభ్యులం.

మర్నాడే సెనేటర్ గారి ప్రచారం చూసే బ్రూక్ అనే అమ్మాయి పరుగున హోటలుకొచ్చింది.

"ఇప్పుడే కట్టేస్తే ఎలా సార్? అది మా సెనేటర్ గారు కట్టించాల్సిన వంతెన కదా."

వెర్నా మాటేమిటన్నాను.

"ఆవిడ కోసమేగా సార్ ఆయన పోరాడుతున్నది. మీరు కట్టేస్తే ఇక దేనికి పోరాడాలి? ఓటింగయ్యే దాకా ఆగండి, చాలు."

ఇంకో మూడు టీవీ బృందాలు వస్తున్నాయనీ, అందరూ నా హోటల్లోనే తింటారనీ కూడా చెప్పింది. అంత చిన్న వయసులో అంత దూరదృష్టి నేనెక్కడా చూడలేదు. వాయిదా వేద్దామని బోర్డులో ముగ్గురం చేతులెత్తాం. ఇనుప వంతెనని పక్క జిల్లా తాత్కాలికంగా పట్టుకుపోయింది. సామాను ఆలస్యమైందని డెల్బర్ట్‌కి నేనే చెప్పాను. సరేలే అన్నాడు. ఆ వారం అతని మొహంలోకి చూడలేకపోయాను.

ఓటు మా దగ్గర పెట్టెలో వేసేది కాదు. సాయంత్రం ఏడింటికి బడి ఆటహాలు తలుపులు మూస్తారు. లోపలున్నవాళ్లు తమ అభ్యర్థి పేరున్న మూలకెళ్లి నిలబడాలి. ఏ మూలనైనా నూటికి పదిహేను మంది లేకపోతే ఆ మూల రద్దు. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ మంచు. తలుపు దగ్గర కాపలా నాదే. ఏడుకి మూశాను. ఏడు దాటి ఆరు నిమిషాలకి పదకొండు కార్లు వచ్చి ఆగాయి.

"తలుపు తియ్యరా రాయ్" అన్నాడు డెల్బర్ట్, తలుపు అద్దం అవతల్నించి.

"ఏడైపోయింది. రూలు నీకు తెలుసుగా."

"వంతెనుంటే ఆరున్నరకే వచ్చేవాళ్లం."

డెల్బర్ట్ అందర్నీ కార్లెక్కించి వెనక్కి తీసుకుపోయాడు. లోపల సెనేటర్ గారి మూలలో తొమ్మిది మంది మిగిలారు. మూల రద్దయింది.

రాష్ట్రమంతా మాత్రం ఆయనే గెలిచారు. ఆయనకి ఒక్క ఓటూ లెక్కకి రాని చోటు మా ఊరొక్కటే. ఆ సంగతి ఏ పేపరూ రాయలేదు. విలేకరులు అప్పటికే తరవాతి రాష్ట్రానికి, న్యూ హాంప్‌షైర్‌కి వెళ్లిపోయారు.

పది రోజుల తరవాత, డయాలిసిస్ అయ్యాక డెల్బర్ట్, వెర్నా నా హోటల్లో సూపు తాగుతున్నారు. టీవీలో సెనేటర్ గారు మూతపడ్డ మిల్లు ముందు, టోపీ లేకుండా నిలబడి ఉన్నారు.

"అయోవాలో వెర్నా అనే తల్లికి నేను మాటిచ్చాను" అంటున్నారు. "ఇవాళ ఆమె పది నిమిషాల్లో వంతెన దాటి ఆసుపత్రికి వెళుతోంది."

జనం చప్పట్లు కొట్టారు. వెర్నా స్పూను కింద పెట్టింది.

"కట్టేశారా డెల్? మనకెవరూ చెప్పలేదే?"

డెల్బర్ట్ టీవీ వంక చూడలేదు. నా వంక చూశాడు.

"రాయ్‌ని అడుగు. బోర్డులో ఉన్నది వాడేగా."

నేను కాఫీ కెటిలు తీసుకుని వెళ్లాను. డెల్బర్ట్ కప్పు నిండుగానే ఉంది. అందులోనే ఇంకా పోశాను.