నీళ్లు పోయని మడి

ఆ రోజు పొద్దున్న సైన్సు టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు తనిఖీ అధికారి వస్తారు. ఆయన్ని బడి వెనక తోటలోకి తీసుకెళ్లి రెండు బీన్స్ మడులు చూపించాలి. ఒకదాని ముందు ‘నీళ్లు పోసిన మడి’ అనీ, రెండోదాని ముందు ‘నీళ్లు పోయని మడి’ అనీ ప్రయోగం మొదటిరోజే బోర్డులు రాసి పాతింది. మొదటిది పచ్చగా ఉంటుంది, రెండోది వాడిపోయి ఉంటుంది. మొక్కకు నీరు కావాలన్న సంగతి రెండో తరగతి పిల్లలు కళ్లారా చూసి నేర్చుకున్నారని ఆయన రాసుకుని వెళ్లిపోతారు.

ఆ నాలుగు ముక్కలు ఆయన చేత రాయించుకోకపోతే తోట దక్కదు. దాన్ని తీసేసి స్టాఫు బళ్లకు షెడ్డు వెయ్యాలని పైనుంచి కాగితం వచ్చింది. తోట వల్ల చదువుకేమైనా ఉపయోగం ఉందా అని చూసి చెప్పడానికే ఈ అధికారిని పంపుతున్నారు. మూడేళ్ల కిందట అక్కడ ఉన్నవి పగిలిన పెంకులూ ఇటుక ముక్కలూ మాత్రమే. వాటిని తన చేతులతో ఒక్కొక్కటీ ఏరి పారేసింది టీచరు. ఆ తోటంటే ఆమెకు ప్రాణం.

ప్రయోగం మొదలుపెట్టిన నాలుగోనాడే ఆమెను పది రోజుల శిక్షణకు పంపారు. బయల్దేరే ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి మరీ చెప్పింది.

“రెండో మడికి చుక్క కూడా పొయ్యకూడదు. ఎంత జాలేసినా సరే. సైన్సులో జాలి ఉండదు. చూసింది చూసినట్టు పుస్తకంలో రాయాలి, అంతే.”

ఆ మాట అంటూ ఎందుకో గొంతు సవరించుకుంది.

శిక్షణ నుంచి రోజు విడిచి రోజు వాచ్‌మన్‌కు ఫోన్ చేసేది. పిల్లలంతా తాత అని పిలిచే ఆ పెద్దాయనకు అబద్ధం ఆడటం చేతకాదు.

“తాతా, మడులెలా ఉన్నాయి?”

“దివ్యంగా ఉన్నాయి తల్లీ. ఒకటి పచ్చగా ఉంది, ఒకటి ఎండిపోతోంది. అచ్చం మీరు చెప్పినట్టే.”

ఆమె మనసు కుదుటపడేది.

ముందురోజు రాత్రి తిరిగొచ్చి, తనిఖీ రోజున ఎనిమిదిన్నరకే తోటలో అడుగుపెట్టిన టీచరు ఉన్నచోటే ఆగిపోయింది. ‘నీళ్లు పోయని మడి’ నిగనిగలాడుతోంది. పూత కూడా వేసింది. ‘నీళ్లు పోసిన మడి’లో మొక్కలు తలలు వాల్చేసి నేలకు కరుచుకుపోయాయి.

“తాతా! ఈ బోర్డులు ఎవరైనా మార్చారా?”

“ఎవరూ ముట్టుకోలేదమ్మా.”

“మరి దీనికి నీళ్లు పోసిందెవరు?”

తాత నీళ్లు నమిలాడు. “ఎవరో ఒకరు పోసే ఉంటారు తల్లీ.”

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. బడిలో అందరికీ ఆవిడ పెద్ద మేడం. మడుల్ని చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. “నావైపు చూస్తారేంటి? నాకసలు ఈ తోట దారే తెలీదు,” అని చరచరా తన గదికి వెళ్లిపోయింది. తను అడక్కుండానే ఆవిడ అంత మాట ఎందుకందో ఆలోచించే తీరిక టీచరుకు లేదు.

తాత గేటు దగ్గరికి వెళ్లాక టీచరు ఒక్కతే మిగిలింది. మూడేళ్లుగా చూసింది చూసినట్టు రాయమని నేర్పిన మనిషి రెండు బోర్డులూ పీకి అటుదిటు, ఇటుదటు పాతింది. తన మీద తనకే అసహ్యం వేసింది. మట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడం తాతను గదిలోకి పిలిచింది. “ఆ బోర్డులు రెండూ మార్చేసిరా. టీచరుతో అనకు, పాపం బాధపడుతుంది.” చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం తాతకు అలవాటు. వెళ్లి మార్చేశాడు.

తొమ్మిదిన్నరకు అధికారి వచ్చారు. నవ్వడం ఉద్యోగంలో భాగం కాదని నమ్మినట్టుండే మనిషి. చేతిలో ఫైలు, భుజాన నీళ్ల సీసా. పిల్లలు మడుల చుట్టూ నిలబడ్డారు. ఆయన రెండు బోర్డులూ చదివి, రెండు మడులూ చూసి, మళ్లీ బోర్డులు చదివారు.

“అంటే నీళ్లు పోస్తే మొక్క చస్తుంది, పొయ్యకపోతే పూస్తుంది. ఇదేనా మీరు పిల్లలకి నేర్పింది?”

టీచరు బోర్డుల వంక తెల్లబోయి చూసింది. పెద్ద మేడం తాత వైపు గుర్రుగా చూసింది. “మీరు చెప్పినట్టే మార్చానమ్మా,” అన్నాడు తాత, అందరికీ వినపడేలా.

“నా పుస్తకంలో అన్నీ ఉన్నాయండీ,” అంది ఒక చిన్న గొంతు. పెన్సిలుకు బదులు స్కేలు పట్టుకు తిరుగుతుందని ఆ పిల్లకు కొలబద్ద అని పేరు పడింది. వాళ్లమ్మ ఆసుపత్రి డ్యూటీకి పోతూ అందరికంటే ముందు దింపేసి, అందరి తర్వాత తీసుకెళ్తుంది. ఈ రెండు పూటలా దాని కాపురం తోటలోనే.

“చదువు,” అన్నారు అధికారి.

“సోమవారం. పెద్ద మేడం గారు రెండో మడికి చెంబుడు పోశారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు, రాశాను. మంగళవారం. తాత, బకెట్టుడు. మొక్కల్ని క్షమించమన్నారు. బుధవారం. నీళ్ల వంతు మా బెంచీది. మొదటి మడి నీళ్లు కూడా రెండోదానికే పోసేశాం. మొదటిదానికి రోజూ దొరుకుతాయి కదా అని. గురువారం వెనక బెంచీ వాళ్లు కూడా అంతే.”

అధికారి పుస్తకం అందుకుని వెనక్కి తిప్పారు. “అంతకుముందు మూడో రోజు సాయంత్రం ఇదేంటి?”

కొలబద్ద టీచరు వంక చూసి తల దించుకుంది.

“చూసింది చూసినట్టు చదువమ్మా,” అంది టీచరు.

“మా టీచర్. చిన్న కప్పుడు. చుట్టూ చూసి పోశారు.” పిల్ల ఊపిరి పీల్చుకుని పూర్తి చేసింది. “ఈరోజు ఎనిమిదీ యాభై. టీచర్ బోర్డులు మార్చారు. తొమ్మిదీ అయిదు. తాత మళ్లీ మార్చారు.”

టీచరు ఒక అడుగు ముందుకు వేసింది.

“తప్పు నాదేనండీ. తోట పోతుందని భయపడ్డాను. పిల్లల్నేమీ అనకండి,” అంది టీచరు. కళ్లనీళ్లు ఆగలేదు.

అధికారి పిల్లల వైపు తిరిగారు. “మరి మొక్కకి నీళ్లు కావాలా, అక్కర్లేదా?”

“కావాలండీ!”

“మీకెలా తెలుసు?”

“వాడిపోతుంటే చూశాం కదండీ,” అన్నాడు ముందు వరసలో ఒకడు. “అందుకే ఉండబట్టలేకపోయాం.”

ఆయన చాలాసేపు ఫైల్లో ఏదో రాశారు. తర్వాత దాన్ని టీచరు ముందు పెట్టారు. ‘ఈ బడిలో నేను చూసిన రాతల్లో నమ్మదగినది ఒక్కటే. అది తోటలో కూర్చుని రాసింది. తోట ఉండాలి.’

అందరూ తరగతుల్లోకి వెళ్లిపోయారు. అధికారి మాత్రం వెళ్తూ వెళ్తూ ఎండిన మడి దగ్గర ఆగారు. కాసేపటికి కొలబద్ద కిటికీలోంచి తల లోపలికి తీసుకుని పుస్తకం తెరిచింది.

‘పదకొండు గంటలు. ఇన్‌స్పెక్టర్ గారు. మొదటి మడికి అర సీసా. చుట్టూ చూసి పోశారు.’