బోర్డులాయన ఇంటి బడి

ఆ సోమవారం ఉదయం బోర్డులాయన వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. టీ తాగడం, తలుపుకు తగిలించడానికి చిన్న బోర్డు ఒకటి రాయడం, సాయంత్రం నాలుగులోపు కూతురికి భాగహారం నేర్పి దాన్ని శాశ్వతంగా బడి మాన్పించడం. వీటిలో టీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం గోడల మీద ఆయన చేతిరాతే ఉంది కాబట్టి అందరికీ ఆయన బోర్డులాయనే. ఈ మధ్య పదేళ్లుగా ఆయన కుంచెకు తీరిక లేకుండా చేస్తున్నవి బళ్లు. సందు చివర ఉన్న ప్రభుత్వ బడి ఒక్కటే పాత బోర్డుతో సరిపెట్టుకుంటోంది. మిగతావన్నీ ఏడాదికో సిద్ధాంతం మార్చి, దానికి తగ్గట్టు బోర్డు మార్చేవే. ‘గోడల్లేని బడి’ అని ఆయనే పన్నెండడుగుల ప్రహరీ గోడ మీద రాశాడు. ‘ప్రకృతి ఒడిలో పాఠశాల’ అని టైర్ల దుకాణం పైన మూడో అంతస్తుకు రాశాడు. అక్కడి ప్రకృతి మొత్తం ఒక పూలకుండీలో ఉంటుంది. ‘ఒత్తిడి లేని చదువు’ అని రాసేటప్పుడైతే, నిచ్చెన కింద నాలుగేళ్ల పిల్లలు సీటు కోసం మూడో విడత పరీక్ష రాస్తున్నారు. ఇవన్నీ కళ్లతో చూస్తూనే రాశాడు. అయినా రాసి రాసి, మిఠాయి కొట్టువాడు తన సరుకు తనే తినేసినట్టు, చివరికి తన రాతలు తనే నమ్మేశాడు.

భార్య మందుల షాపులో పనిచేస్తుంది. అట్ట ముందు పెద్దక్షరాలు వదిలేసి, వెనక చిన్నక్షరాలు చదివే మనిషి. రెండు నెలల పాటు ఆదివారం ఆదివారం ఇద్దరూ కలిసి బళ్లన్నీ తిరిగొచ్చారు. ఆయన ప్రతి గేటు దగ్గరా తన బోర్డు చూసి మురిసిపోయాడు. ఆమె ప్రతి గేటు లోపలా మరుగుదొడ్డి చూసి ముక్కు మూసుకుంది. కంప్యూటర్ తెర మీద నడిచే బడి ఒకటి చూస్తే, అందులో పాఠం కన్నా ‘వినబడుతోందా’ అనే మాటే ఎక్కువసార్లు వినబడింది. చివరికి బోర్డులాయన ఏ బడీ వద్దని, పిల్లకు ఇల్లే బడి అని తేల్చేశాడు.

ఈలోగా పిల్ల చదువుతున్న ప్రభుత్వ బడి నుంచి ఫారం వచ్చింది. వచ్చే ఏడు కూడా సీటు కావాలనుకునే పాత పిల్లల తండ్రో తల్లో సంతకం చేసి, సోమవారం సాయంత్రం నాలుగు గంటల గంట మోగేలోపు ఇవ్వాలి. గంట మోగాక మిగిలిన సీట్లు కొత్తవాళ్లకు.

“సరే, ఇవాళ ఒక్కరోజు మీది,” అంది భార్య, సంచీ భుజాన వేసుకుంటూ. “నాలుగులోపు పిట్టకి భాగహారం వచ్చిందా, ఫారం నేనే చించేస్తాను. రాలేదా, నోరెత్తకుండా సంతకం పెట్టి ఇచ్చి రండి.”

పిట్ట అంటే వాళ్ల కూతురు. తొమ్మిదేళ్లది. గుణకారం దాకా ఎగురుకుంటూ వచ్చి భాగహారం దగ్గర వాలిపోయింది.

భార్య బస్సెక్కగానే ఆయన రంగంలోకి, అంటే రంగుల్లోకి దిగాడు. ‘ఇంటి బడి’ అని రెండు మాటలు రాసి పిల్ల గది తలుపుకు తగిలిస్తే ఉత్సాహంగా ఉంటుందని ఉద్దేశం. పలక కింద పరుచుకోవడానికి చేతికందిన కాగితం పరుచుకున్నాడు. బోర్డులాయనకు ఒక అలవాటుంది. పొడుగు గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టేస్తాడు. అప్పుడు ఇల్లు అంటుకుందని చెప్పినా ‘ఊఁ’ అంటాడు. ఆ పూట కూడా వెనక నుంచి ఎవరో ఏదో చెప్పారు. ‘ఊఁ’ అన్నాడు. గీత బ్రహ్మాండంగా వచ్చింది.

అంతటితో ఆగితే కథ లేదు. ‘బడి’ అన్న మాట రాశాక ముప్పై ఏళ్ల చేయి ఊరుకుంటుందా? ఆయన టీ గ్లాసు వైపు చూస్తుండగానే అది తన పాటికి తను కింద వరస కూడా పూర్తి చేసింది: ‘ప్రవేశములు జరుగుచున్నవి. సీట్లు పరిమితం. త్వరపడండి.’ చూసుకుని నవ్వుకున్నాడు. చెరిపేద్దామంటే రంగు పచ్చిగా ఉంది. ఆరాక చూద్దామని ఎండ తగిలే చోట, అంటే వీధి గేటుకు ఆనించి పెట్టాడు.

పిల్లను మాత్రం పిలవలేదు. ‘పిల్లలను పిలవకండి, కుతూహలమే పిలుస్తుంది’ అని గోడల్లేని బడి గోడ మీద రాసింది తనే కదా. అరటిపండు ముక్కలు, బిస్కెట్లు పళ్లెంలో పెట్టి, గది తలుపు కొంచెం తెరిచి లోపలికి జరిపి, చప్పుడు కాకుండా వచ్చేశాడు.

తొమ్మిదింటికి గేటు దగ్గర బ్యాంకులో పనిచేసే దంపతులు ఆగారు. చెరో చేతికీ ఒక కవల పిల్ల. మూడేళ్లలో నాలుగు బళ్లు మార్చిన కుటుంబం. భర్త జేబులో బళ్ల గురించి రాసుకునే నోటుబుక్కు ఎప్పుడూ ఉంటుంది.

“కొత్త బడా అండీ?” అన్నాడు భర్త.

“బడి కాదండీ, ఇల్లు.”

భార్య భర్త మోచెయ్యి నొక్కింది. “చూశారా, ఇల్లే అంటున్నారు. మిగతావాళ్లు ఇల్లులాంటిది అంటారు, అంతే.”

సిలబస్ ఏదని అడిగారు. లేదన్నాడు. టీచర్లెంతమందని అడిగారు. ఎవరూ లేరన్నాడు. ఒక్కో ‘లేదు’కీ వాళ్ల ముఖాలు వెలిగిపోతున్నాయి.

“పరీక్షలు?”

“సాయంత్రం నాలుగింటికి ఒకటుందండీ. నాకే. అదే గుండె దడగా ఉంది.”

“పరీక్ష పిల్లలకి కాదు, పెద్దలకట,” అని భర్త నోటుబుక్కులో రాసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, పిల్లలు కనబడరేమని అడిగాడు. లోపల ఉంది, నేను కదిలించను, బుద్ధి పుడితే తనే వస్తుంది అన్నాడు బోర్డులాయన. దంపతులు ఆ మూసిన గది వైపు గర్భగుడి వైపు చూసినట్టు చూశారు.

“మరి సీట్లు?”

“కుర్చీలే రెండున్నాయి. ఇంక సీట్లెక్కడివండీ?”

రెండే ఉన్నాయని తెలియగానే దంపతులు క్షణం ఆలస్యం చేయలేదు. కవలల్ని చెరో కుర్చీలో కూర్చోబెట్టి, సాయంత్రం వస్తామని చెప్పి బ్యాంకుకు వెళ్లిపోయారు. వెళుతూ వెళుతూ దారిలో ఫోన్లు చేశారు.

పదిన్నరకల్లా వరండాలో పన్నెండుమంది పిల్లలు. పన్నెండుకల్లా ఇరవై ఆరుగురు. వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ బోర్డులాయన ఇది బడి కాదని, తనకు పాఠాలు రావని, తాను బోర్డులు రాసుకునేవాణ్నని చెప్పాడు. ఇంత వినయం ఏ బడిలోనూ చూడలేదని వాళ్లు చెప్పుకున్నారు. నిజం చెప్పి ఇంతమందిని నమ్మించినవాడు ఆయనకు ముందు లేడు. బోర్డు గోడవైపు తిప్పి పెడదామని ఒకసారి పైకెత్తాడు కూడా. “అయ్యో, మొదటిరోజే బోర్డు తిప్పేస్తున్నారు” అని వీధి అంతా గగ్గోలైతే మళ్లీ యథాస్థానంలో పెట్టేశాడు.

పిల్లల కుతూహలం మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చింది. సరాసరి రంగుల డబ్బాల దగ్గరికి వచ్చింది. గోడలయ్యాయి, గేటయ్యింది, పక్కింటి పళ్ల డాక్టరు తెల్ల కారు మీద అరచేతులు ఆకుపచ్చగా పూచాయి. డాక్టరు పళ్లు కొరుకుతూ గేటు దాకా వచ్చాడు.

“ఏమయ్యా, నా కారు సంగతేంటి?”

అప్పుడే తన చుట్టూ ఉన్న తల్లిదండ్రుల్ని చూశాడు. ఆ కారు మీది చేతులు స్వేచ్ఛకు గుర్తులని ఒకామె ఇంకొకామెకు చెబుతోంది. డాక్టరుకు కారు రంగు పోయిందన్న బాధ కన్నా, పక్కింట్లోనే ఉండి తను వెనకబడిపోయానన్న బాధ ఎక్కువైంది. “మా వాడిక్కూడా ఒకటి చూడు,” అన్నాడు గొంతు మార్చి.

మూడింటికి బ్యాంకు భర్త సెలవు పెట్టి వచ్చేసి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వెయిటింగ్ లిస్టు రాయడం మొదలెట్టాడు. బోర్డులాయనకు ఒక్కటే ఊరట. పళ్లెం మూడుసార్లు నింపితే మూడుసార్లూ ఖాళీ అయింది. పిట్ట లోపల ఏదో దీక్షగా నేర్చుకుంటోంది. భాగహారమే అయుండాలి.

మూడూ నలభైకి గేటు దగ్గర చిన్న గొడవ వినబడింది. “క్యూలో రావాలమ్మా. నీ నంబరు నలభై ఒకటి,” అంటున్నాడు బ్యాంకు భర్త. “ఇది మా ఇల్లండీ,” అంటోందొక ఆడపిల్ల. “ఇల్లే, అందుకేగా ఇంతమంది వచ్చింది. మీ అమ్మానాన్నల్ని తీసుకురా.”

బోర్డులాయన తలెత్తి చూశాడు. బ్యాగుతో, చెదిరిన జడలతో పిట్ట.

పరుగెత్తి గది తలుపు తీశాడు. లోపల కవలలిద్దరూ ఖాళీ పళ్లెం మధ్యలో పెట్టుకుని, చెంపలకు బిస్కెట్ పొడితో నిద్రపోతున్నారు.

“నువ్వెక్కడికెళ్లావే?”

“బడికి. ఈ వారం గంట కొట్టే వంతు నాది. పొద్దున చెప్తే ఊఁ అన్నావుగా నాన్నా.”

ఆయన కుంచె కింద పడిపోయింది. “భాగహారం...” అన్నాడు నీరసంగా.

“ఇవాళ వచ్చేసింది,” అని పిట్ట చుట్టూ చూసింది. రాయడానికి ఇంకేం దొరక్క గేటు దగ్గరి బోర్డే తిప్పేసింది. దాని వీపు మీద సుద్దముక్కతో ఏడు వందల ముప్పై ఆరుని ఎనిమిదితో భాగించింది. తొంభై రెండు. శేషం సున్నా.

కవలల కోసం అప్పుడే వచ్చిన బ్యాంకు భార్య ముందుకొచ్చి మోకాళ్ల మీద వంగింది. “ఎక్కడ నేర్చుకున్నావు తల్లీ?”

“సందు చివర మా బడిలోనండీ.”

“అక్కడ పద్ధతి ఏంటి?”

పిట్ట ఆలోచించింది. “టీచరుగారు చెప్తారు. మేం చేస్తాం. తప్పైతే మళ్లీ చెప్తారు.”

“టీచరే చెప్తారా?” ఆమె భర్త వైపు తిరిగింది. “మనం మూడేళ్లుగా తిరుగుతున్నాం. ఈ పద్ధతి ఒక్కరూ చెప్పలేదు.”

“సీట్లున్నాయా పాపా?” అని అడిగాడు పళ్ల డాక్టరు.

“నాలుగు గంటల గంట మోగాక, మిగిలినవి కొత్తవాళ్లకి ఇస్తారండీ. అది కొట్టడానికే మళ్లీ వెళ్తున్నా, ఫారం సంగతి అడుగుదామని మధ్యలో వచ్చా. నాన్నా, నా ఫారం ఇచ్చేశావుగా?”

అడిగిందే గానీ జవాబుకు ఆగలేదు. గంటకు వేళవుతోందని పరుగెత్తింది. ఆమె వెనక వీధి మొత్తం పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తింది. బోర్డులాయన ఒక్కడే వాకిట్లో నిలబడి, కొత్తవాళ్లకు మిగలబోయే సీట్లలో తన కూతురి సీటూ ఒకటని లెక్క వేసుకున్నాడు. ఆ భాగహారం ఆయనకు వెంటనే వచ్చింది.

ఫారం కోసం ఇల్లంతా వెతికాడు. పొద్దున బోర్డు కింద పరిచిన కాగితం అదే. ఇప్పుడది కిరీటమై పళ్ల డాక్టరు కొడుకు నెత్తి మీద, తండ్రి చంకలో, సందు మలుపు తిరుగుతోంది. వెంటపడి పట్టుకుంటే వాడు ఇవ్వనన్నాడు. పిల్లల ఇష్టాన్ని కాదనకూడదని పొద్దుట్నుంచీ చెబుతున్నది తనే. తన రంగు మరకల టోపీ వాడికి పెట్టి కిరీటం విప్పుకున్నాడు. అప్పటికి బడి వరండాలో నలభై కుటుంబాలు కిక్కిరిసిపోయాయి, ఫారాలు తీసుకునే కిటికీకి ఆయనకు మధ్య.

ముందుకెళ్లనివ్వమంటే క్యూలో రమ్మన్నారు. పాతవాణ్నండీ అంటే, అందరూ అలాగే అంటారన్నారు. చివరికి ఫారాన్నే చేతుల మీదుగా ముందుకు పంపాడు. ఒక్కో చెయ్యీ ఆగి, ముందూ వెనకా చదివి పక్కవాళ్లకిచ్చింది. అది కిటికీ చేరేసరికి గోడ గడియారంలో నాలుగు దాటి అయిదు నిమిషాలు. హెడ్‌మిస్ట్రెస్ ఆకుపచ్చ వేళ్ల గుర్తులన్నీ పరిశీలించి అంది, “సంతకమేదీ?”

ఫారం అలాగే వెనక్కి బయల్దేరింది.

“గంట కొట్టు పాపా, నాలుగు దాటింది,” అని ముందువాళ్లు తొందరపెట్టారు. వరండా చివర వేలాడుతున్న ఇనుప బిళ్ల పక్కన, సుత్తి పట్టుకుని పిట్ట నిలబడి ఉంది. గడియారం వైపు చూసింది. జనం వెనక, కలం కోసం జేబులు తడుముకుంటున్న తండ్రి వైపు చూసింది. ఆయన జేబులన్నిటా కుంచెలే.

“ఈ బడిలో గంట కొడితేనే నాలుగండీ,” అంది.

అందరూ హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగారు. ఆమె కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడవడం మొదలుపెట్టింది. కళ్లజోడు లేకుండా గడియారం కనబడదు కదా. ఆ అద్దాలు అంత శుభ్రంగా అంతకుముందెప్పుడూ తుడవలేదని అక్కడి గుమస్తా తర్వాత చెప్పాడు.

కలం చివరికి పళ్ల డాక్టరు ఇచ్చాడు. బోర్డులాయన సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్లలో ఆయన అలంకారం లేకుండా, నీడలు దిద్దకుండా రాసిన మొదటి అక్షరాలు అవే. ఫారం మళ్లీ నలభై చేతులు దాటి కిటికీలో పడింది. ముద్ర పడింది. అప్పుడు, నాలుగూ ఇరవై రెండుకి, ఆ బడిలో ఠంచనుగా నాలుగు మోగింది.

రాత్రి భోజనాల దగ్గర భార్య తాపీగా అడిగింది. “భాగహారం వచ్చేసిందట కదా. మాట ప్రకారం ఫారం చించేసి రానా?”

“వద్దులే,” అన్నాడు బోర్డులాయన, కంచంలోంచి తల ఎత్తకుండా. “దాని మీద రంగు ఇంకా పచ్చిగా ఉంది.”

రెండు రోజుల్లో సీట్లన్నీ నిండిపోయాయి. క్యూ మాత్రం తగ్గలేదు. మూడో రోజు హెడ్‌మిస్ట్రెస్ కబురు పెట్టి, ‘ప్రవేశములు ముగిసినవి’ అని గేటు మీద పెద్దగా రాయమంది. అంతకు మించి ఒక్క ముక్క కూడా రాయొద్దని గట్టిగా చెప్పింది. ఆయన అప్పుడు పొడుగు గీత లాగుతున్నాడు. ‘ఊఁ’ అన్నాడు.

ఆ గేటు మీద ఇప్పటికీ చదవొచ్చు: ‘ప్రవేశములు ముగిసినవి. త్వరపడండి.’