మా ఊరి క్రిమికి సన్మానం

“దేశంలో ఎవరికీ దొరకని క్రిమి మన మొగిలిగుంట కొళాయిలో దొరకడం మన ప్రభుత్వం సాధించిన ఘనత,” అని మంత్రి చక్రధర్ గారు ప్రకటించినారు. చప్పట్లు బాగానే పడినాయి. మైకు సెట్టు నాదే కాబట్టి గట్టిగా చెప్పగలను.

మా మొగిలిగుంట ఐరాలకు దగ్గర. వారం కిందట ఊర్లో నలభై మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తాగునీటి పైపు మురిక్కాలవలో నుంచి వస్తాది, అది పగిలి ఏడాదైంది. ఎదురింటి సుబ్బులమ్మ దాని మీద మూడు అర్జీలు పెట్టింది. ఇప్పుడు ఆమె మొగుడు వెంకటమునికి చిత్తూరు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతా ఉండాది.

నీళ్ళను ల్యాబుకు పంపితే, అందులో ఉండే క్రిమి ‘ఎమర్జింగ్ పాథోజెన్’ అని రిపోర్టు వచ్చింది. సభకు ముందు స్టేజీ వెనక మంత్రి గారు ఇంజనీరు యోగానందను అడిగినారు.

“ఎమర్జింగ్ అంటే ఏందప్పా?”

“కొత్తగా ఎదుగుతా ఉండేది సార్.”

“మన హయాంలోనే కదా ఎదిగింది?”

“పూర్తిగా మీ హయాంలోనే సార్.”

అంత వినయమైన ఇంజనీరును నేను చూడలేదు. మంత్రి గారు వచ్చే దోవకు రెండు రోజుల్లో తారు వేయించింది కూడా ఆయనే.

పైపు పక్కనే క్రిమి పరిశోధనా కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. మంత్రి గారు సీసా నీళ్ళతో గొంతు తడుపుకుంటా ఉంటే సుబ్బులమ్మ స్టేజీ ఎక్కింది.

“సార్, ముందు పైపు మార్పించండి.”

“మారిస్తే క్రిమి పోతాదమ్మా, పరిశోధనకు కావల్ల,” అన్నాడు యోగానంద.

“మా ఇంటాయన పోతే?”

మంత్రి గారు దయగలవారు. “మొదటి పేషెంటు మీ ఆయనే కదమ్మా. ఆయనకు కప్పాల్సిన శాలువా నీకే కప్పుతాము,” అని కప్పినారు. ఫోటోలు దిగినారు, వెళ్ళినారు.

సుబ్బులమ్మ కాలవలోకి దిగి, ఆ శాలువాను పగిలిన చోట నాలుగు చుట్లు చుట్టి బిగించి కట్టింది. ఏడాదిలో ప్రభుత్వం తరఫున ఆ పైపుకు జరిగిన మరమ్మతు అదొక్కటే. ఇంతలో వెంకటముని గంజి తాగినాడని ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఆమె కాలవగట్టు మీదే కూలబడి, చెంగుతో మొగం తుడుచుకునింది.

అప్పుడే పక్కూరి సర్పంచి మునస్వామి ఇంజనీరు జీపుకు అడ్డం పోయినాడు. వాళ్ళ ఊరికి మట్టి దోవే. పదేండ్లుగా మంత్రి కాదు గదా, బస్సు కూడా పోలేదు.

“సార్, మా నీళ్ళు గూడా ల్యాబుకు పంపితిరి కదా, ఏమొచ్చింది?”

“సుబ్బరంగా ఉండాయప్పా. మీ ఊరికి మేం చేసేదేం లేదు,” అని యోగానంద జీపు పోనిచ్చినాడు.

మునస్వామి ఆ కొత్త తారురోడ్డును శానాసేపు చూసినాడు. తరవాత మెల్లగా కాలవగట్టు దగ్గరికి వచ్చినాడు.

“అక్కా, ఆ కట్టు రవంత ఇప్పుతావా? మాకు ఒక బిందె నీళ్ళు కావల్ల.”